వెయిట్ లాస్ ప్యాకేజీకి డబ్బులు కట్టే ముందు లాభనష్టాలు ఎలా తేల్చుకోవాలి

వరసగా ఒకటే ప్రశ్న వస్తోంది. "ఫలానా సెంటర్ వాళ్ళు మూడు నెలల్లో పది కిలోలు తగ్గిస్తామంటున్నారు, నలభై ఐదు వేలంట, చేరొచ్చా?" లేదంటే "మా వీధిలో న్యూట్రిషన్ క్లబ్ పెట్టారు, పొద్దున్నే షేక్ తాగితే చాలంట, నిజమేనా?" మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే ఇక చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాసేస్తున్నా. ఏ కంపెనీ మంచిది, ఏది చెడ్డది అనేది మాత్రం ఇందులో ఉండదు. ఒకే బోర్డు కింద ఉన్న రెండు బ్రాంచీల్లో కూడా అక్కడ కూర్చున్న డైటీషియన్ని బట్టి అంతా మారిపోతుంది. కాబట్టి మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతి చెప్తా.

ముందే ఒక మాట. ఏ ప్రోగ్రాంలో చేరినా మొదటి రెండు మూడు వారాలు కాటా దిగుతుంది. అన్నం, స్వీట్లు తగ్గించగానే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోయి దాంతోపాటు బోలెడు నీరు కూడా పోతుంది, అందుకే మొదటి వారమే రెండు కిలోలు అని సంబరపడతాం. కాబట్టి "తగ్గుతానా" అని అడగడం దండగ. ప్యాకేజీ అయిపోయిన మర్నాటి నుంచి నేనేం తింటాను, అప్పుడు నెలకి ఎంత ఖర్చవుతుంది, మధ్యలో మానేస్తే నా డబ్బు సంగతేంటి, ఈ మూడూ అడగండి. కింద చెప్పే స్టెప్పులన్నీ వీటికి జవాబు రాబట్టడానికే.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళ లోపు పిల్లలు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, తిండి మానేయడం, తిన్నది కక్కేయడం లాంటి ఇబ్బంది ఎప్పుడైనా పడినవాళ్ళు ఈ లెక్కలు పక్కనపెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

కావాల్సినవి

- ఇంట్లో ఒక వెయింగ్ మెషీన్, టైలర్ టేప్
- మీరు వాడే మందుల చీటీ, ఈ మధ్య చేయించిన బ్లడ్ టెస్టులు
- ఒక నోట్‌బుక్ (ఫోన్‌లో నోట్స్ అయినా ఓకే)
- వంటింటి చిన్న కాటా ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది
- ఒక వారం టైము. ఇది మాత్రం తప్పనిసరి, ఎందుకంటే "ఆఫర్ ఇవాళే లాస్ట్" అన్నవాళ్ళకి ఇదే మందు

స్టెప్ 1: అసలు మీరు ఎంత తగ్గాలో మీరే లెక్కేసుకోండి

సెంటర్ వాళ్ళు చెప్పకముందే ఈ నంబరు మీ చేతిలో ఉండాలి. బరువుని కిలోల్లో తీసుకుని, దాన్ని మీటర్లలో ఉన్న మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి, వచ్చింది మీ బీఎంఐ. మన ఇండియన్స్‌కి డాక్టర్లు 23 దాటితే ఓవర్ వెయిట్, 25 దాటితే ఒబేసిటీ అంటారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 23 అంటే దాదాపు 59 కిలోలు, 25 అంటే 64 కిలోలు. నడుం కొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. కొట్లో చెప్పే ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, టేపు పెట్టి కొలవాల్సిందే. పక్కటెముకల చివరికీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలి చూడండి, పొట్ట లోపలికి లాగొద్దు.

ఇప్పుడు టార్గెట్. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితేనే బీపీ, షుగర్ లాంటి వాటిలో తేడా కనిపించడం మొదలవుతుంది. 80 కిలోలుంటే 4 నుంచి 8 కిలోలన్నమాట. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, వారానికి అరకిలో తగ్గడం సురక్షితం అంటుంది, రోజుకి 1000 క్యాలరీల కంటే కిందికి పోయే డైట్లు వద్దంటుంది. ఆ లెక్కన మూడు నెలలకి ఆరు కిలోలు. ఇంక "మూడు నెలల్లో 15 కిలోలు గ్యారంటీ" అనే ఫ్లెక్సీ కనబడితే ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది.

మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే రిస్క్ పెరుగుతుంది, రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్ళతో ఊడొచ్చు. జుట్టు ఊడే టైముకి ప్యాకేజీ అయిపోయి ఉంటుంది కాబట్టి వాళ్ళు "అది మీ స్ట్రెస్ అండి" అంటారు.

స్టెప్ 2: మందులు వాడుతుంటే ముందు డాక్టర్, తర్వాతే కౌన్సెలర్

ఈ స్టెప్పు అందరూ దాటేస్తారు, ప్రమాదం ఉన్నది మాత్రం ఇక్కడే.

షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ తిండి సగానికి తగ్గించేస్తే షుగర్ పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరిగి పడిపోతారు, కాబట్టి డోసు మార్చాలా వద్దా అనేది మందు రాసిన డాక్టరే చెప్పాలి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు వాడుతూ అన్నం, రొట్టె మొత్తం మానేసే కీటో డైట్లు అసలు సొంతంగా మొదలెట్టొద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గి లేచి నిలబడితే తూలు వస్తుంది, అది మంచి వార్తే గానీ డోసు చూసుకోవాలి.

థైరాయిడ్ వాళ్ళు ఇంకోటి గమనించండి. పొద్దున్నే మాత్ర వేసుకుని అరగంటకల్లా షేక్ తాగేస్తుంటారు. చాలా పౌడర్లలో సోయా, కాల్షియం, ఐరన్ ఉంటాయి, అవి మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. కాల్షియం, ఐరన్ ఉన్నవాటికీ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇది తెలియక నాలుగు నెలలు షేక్ తాగి, థైరాయిడ్ టెస్టులో చూసే టీఎస్‌హెచ్ పెరిగి, బరువు మళ్ళీ ఎక్కినవాళ్ళుంటారు.

టెస్టుల విషయానికొస్తే హెచ్‌బీఏ1సీ (షుగర్), టీఎస్‌హెచ్, క్రియాటినిన్ (కిడ్నీ), లివర్, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్) చాలు. ఇవే రిపోర్టులు చివర్లో మళ్ళీ పనికొస్తాయి, దాచిపెట్టుకోండి.

స్టెప్ 3: ఫ్రీ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి, కార్డు ఇంట్లో పెట్టి వెళ్ళండి

ఉచితంగా చూస్తామన్నారు కదా, వెళ్ళండి, పోయేదేం లేదు. కానీ యూపీఐ యాప్ ఉన్న ఫోను చేతిలో ఉంటే కార్డు ఇంట్లో పెట్టినా ఒకటే, అందుకే ఇంట్లో ఎవరో ఒకర్ని తోడు తీసుకెళ్ళి "ఇవాళ కట్టం" అని ముందే అనుకుని బయల్దేరండి.

లోపల ఏం జరుగుతుందో చెప్తా. తెలిసినావిడకి తోడుగా ఒక సెంటర్‌కి వెళ్ళి పక్కన కూర్చున్నా. చెప్పులు విప్పించి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకునే మెషీన్ ఎక్కించారు. ఒక చీటీ ప్రింటయి వచ్చింది. అందులో "మెటబాలిక్ ఏజ్ 52" అని ఉంది, అంటే ఒంటి లోపలి వయసట, ఆవిడకి 38. కౌన్సెలర్ అమ్మాయి ఎర్ర పెన్నుతో ఆ 52 చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టి, ఏమీ మాట్లాడకుండా చీటీ ఇటు తిప్పి పెట్టింది. ఆవిడ మొహం మాడిపోయింది, ఆ తర్వాత ఐదు నిమిషాలకే రేట్ల కార్డు బయటికొచ్చింది.

ఆ మెషీన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి నీటి శాతాన్ని బట్టి కొవ్వుని అంచనా కడుతుంది. నీళ్ళు ఎక్కువ తాగినా తక్కువ తాగినా, వ్యాయామం చేసి వచ్చినా, తిని వచ్చినా అంకె మారిపోతుంది. మెటబాలిక్ ఏజ్ అనేది ఏ డాక్టరూ ట్రీట్‌మెంట్‌కి వాడే కొలత కాదు. చీటీ తీసుకుని మడిచి జేబులో పెట్టుకోండి, భయపడకండి.

అక్కడ అడగాల్సినవి ఇవి, జవాబులు వాళ్ళ ముందే నోట్‌బుక్‌లో రాసుకోండి (రాస్తున్నారని చూస్తే మాటలు కాస్త జాగ్రత్తగా వస్తాయి):

- డైట్ రాసేది ఎవరు, వాళ్ళ చదువేంటి? న్యూట్రిషన్‌లో డిగ్రీనా, కంపెనీ ఇచ్చిన ట్రైనింగా?
- రోజుకి ఎన్ని క్యాలరీలు ఉంటాయి? పైన చెప్పిన 1000 కంటే తక్కువైతే వద్దు, 800 లోపు అంటే డాక్టర్ పర్యవేక్షణ లేకుండా అసలే ఒప్పుకోవద్దు.
- మా ఇంట్లో రాత్రికి అన్నమే, దానికేం చేస్తారు? నైట్ షిఫ్ట్ ఉంటే? సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తే?
- పోయినేడాది ప్యాకేజీ పూర్తి చేసిన ఇద్దరితో మాట్లాడించగలరా? గోడ మీద ఫొటోలు కాదు, మనుషులు.
- అయిపోయాక మెయింటెనెన్స్ ప్లాన్ ఏంటి, దానికి మళ్ళీ డబ్బులా?

సంక్రాంతి ప్రశ్న వేసి చూడండి, చాలా విషయం బయటపడుతుంది. "ఆ వారం అరిసెలు ముట్టుకోకండి" అన్నారంటే మీ ఇంటి పరిస్థితి వాళ్ళకి అర్థం కాలేదు. "ఒకటి తినండి, ఆ పూట అన్నం తగ్గించండి, సాయంత్రం పొలం దాకా నడవండి" అంటే ఆ మనిషి పనికొచ్చే మనిషి.

స్టెప్ 4: తాగమన్నది, మింగమన్నది ఏంటో చదవండి

షేక్ పని చెయ్యదని చెప్పను. రెండు పూటల టిఫినూ భోజనం మానేసి వాటి బదులు పూటకి 200 క్యాలరీల గ్లాసు తాగితే ఎవరైనా తగ్గుతారు, అందులో మాయేం లేదు. షేక్ ఆపాక ఆ రెండు పూటలూ ఏం తినాలో ఎవరూ నేర్పకపోవడమే గొడవ.

డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి వస్తువులకి లైసెన్సిచ్చే కేంద్ర సంస్థ) లైసెన్స్ నంబరు 14 అంకెలు ఉంటుంది, వాళ్ళ ఫాస్కాస్ సైట్‌లో కొట్టి చూస్తే కంపెనీ పేరు వస్తుంది. అయితే ఆ లైసెన్స్ ఉంటే తిండి వస్తువుగా అమ్ముకోవచ్చని మాత్రమే, బరువు తగ్గిస్తుందని గవర్నమెంటు సర్టిఫై చేసినట్టు కాదు.

లేబుల్ లేకుండా కవర్లలో ఇచ్చే "హెర్బల్" క్యాప్సూళ్ళు, చూర్ణాలు తీసుకోవద్దు. సిబుట్రమైన్ అనే మందుని గుండెకి ప్రమాదమని 2011లో మన దేశంలో బ్యాన్ చేశారు, అయినా మూలికల పేరుతో అమ్మే స్లిమ్మింగ్ ఉత్పత్తుల్లో అది కలిసి దొరికిన కేసులు చాలా దేశాల్లో బయటపడ్డాయి. వేసుకున్నప్పట్నుంచి ఆకలి చచ్చిపోయి, నోరెండిపోయి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటే ఆపేసి డాక్టర్‌కి చూపించండి. ఊబకాయం మందుతో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం, గోడల మీద చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. మౌంజారో మన దగ్గరికి 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. అవి నిజంగా పనిచేసే మందులే, కానీ డాక్టర్ రాయాల్సినవి, ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. బ్యూటీ ట్రీట్‌మెంట్ ప్యాకేజీలో కలిపి ఇస్తామంటే ఒప్పుకోకండి.

స్టెప్ 5: మొత్తం ఖర్చు కట్టి, కిలోకి ఎంతో చూడండి

బోర్డు మీద రేటు ఎప్పుడూ అసలు రేటు కాదు. ఉదాహరణకి ప్యాకేజీ 45,000 అనుకుందాం. జీఎస్టీ అందులోనేనా బయటా అడగండి. పౌడర్ నెలకి 4,000 చొప్పున మూడు నెలలకి 12,000. రానూపోనూ ఆటోలు నెలకి 1,500 చొప్పున 4,500. మొత్తం 61,500. పది కిలోలు తగ్గితే కిలో 6,150 పడ్డట్టు, ఐదే తగ్గితే 12,300.

ఐదే అని ఎందుకన్నానంటే, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక స్టడీ వచ్చింది. ఆస్ట్రేలియా, జర్మనీ, బ్రిటన్‌లలో 772 మందిని తీసుకుని సగం మందిని వెయిట్ వాచర్స్ అనే కంపెనీ నడిపే బరువు తగ్గే ప్రోగ్రాంకి పంపారు, మిగతావాళ్ళకి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర మామూలు సలహాలు ఇప్పించారు. ఏడాది తర్వాత ప్రోగ్రాంలో ఉన్నవాళ్ళు సగటున 5 కిలోలు, డాక్టర్ దగ్గరున్నవాళ్ళు రెండుంపావు కిలోలు తగ్గారు. ప్రోగ్రాంలో చేరిన వందలో దాదాపు 39 మంది ఏడాది పూర్తి చెయ్యలేదు. దానికి డబ్బు పెట్టింది కూడా ఆ కంపెనీయే. అంటే బాగా నడిచే ప్రోగ్రాం, తన ఖర్చుతో చేయించుకున్న స్టడీలో, ఏడాదికి 5 కిలోలు. అదేం తక్కువ కాదు, డాక్టర్ సలహా కంటే రెట్టింపు. కానీ ఫ్లెక్సీ మీద అంకెకీ దీనికీ పొంతన చూడండి.

స్టెప్ 6: కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి

ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. ఇస్తే ఇవి వెతకండి:

రిఫండ్. "నాన్ రిఫండబుల్, నాన్ ట్రాన్స్‌ఫరబుల్" అని అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది. ఒంట్లో బాగోక ఆపేయాల్సి వస్తే మిగిలిన సెషన్ల డబ్బు వెనక్కిస్తామని పెన్నుతో రాయించి సంతకం, స్టాంపు వేయించుకోండి. నోటితో చెప్పింది వాట్సాప్‌లో పెట్టమనండి.

గ్యారంటీ. "చార్ట్ వంద శాతం పాటిస్తే" అనే షరతు ఉందా? ఉంటే అది గ్యారంటీ కాదు, ఎవరూ వంద శాతం పాటించరు కాబట్టి తప్పు ఎప్పుడూ మీదే అవుతుంది. కొన్నిచోట్ల కిలోలు కాకుండా "కిలోలు లేదా ఇంచులు" అని రాస్తారు. ఇంచులంటే టేపు కాస్త బిగించి పట్టుకుంటే చాలు తగ్గిపోతాయి.

ఈఎంఐ. అన్నిటికంటే ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. "జీరో కాస్ట్ ఈఎంఐ మేడం, నెలకి నాలుగు వేలే" అంటారు, మీ పాన్, ఆధార్ తీసుకుని ఓటీపీ చెప్పమంటారు. అది సెంటర్‌కి కట్టే వాయిదా కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద తీసుకున్న లోను. డబ్బు మొత్తం సెంటర్‌కి మొదటిరోజే వెళ్ళిపోతుంది. మీరు మానేసినా, సెంటర్ షట్టర్ దించేసినా ఈఎంఐ ఆగదు, ఆపితే సిబిల్ దెబ్బతింటుంది. పొరపాటున ఓటీపీ చెప్పేసి ఉంటే వెంటనే లోన్ పేపర్లు తీయండి, డిజిటల్ లోన్లకి కూలింగ్ ఆఫ్ పీరియడ్, అంటే మనసు మార్చుకునే గడువు, ఉంటుంది, ఆ గడువులో అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు.

షేక్ క్లబ్ వాళ్ళకి కాగితమే ఉండదు, బదులుగా రెండో నెలలో "మీరే కోచ్ అయిపోండి, మీ షేక్ ఫ్రీ" అంటారు. బరువు తగ్గడం వేరు, వ్యాపారం వేరు. మీ ఆడపడుచుకి, ఆఫీసు వాళ్ళకి డబ్బాలు అమ్మగలరా అనేది విడిగా ఆలోచించుకోండి. 2021 డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ ప్రకారం ఇంటికొచ్చి అమ్మేవాళ్ళు ఐడీ కార్డు చూపించాలి, మనుషుల్ని చేర్పిస్తే డబ్బులు అనే పిరమిడ్ పద్ధతి నిషేధం.

స్టెప్ 7: ఒక వారం ఉత్తుత్తి ప్యాకేజీ నడపండి

శాంపిల్ చార్ట్ ఒకటి అడిగితే చాలామంది ఇస్తారు. దాన్ని ఇంట్లో వారం రోజులు, ఆదివారంతో సహా చేసి చూడండి. ఎవరు వండారు, ఎంత టైం పట్టింది, ఇంట్లో మిగతావాళ్ళు తిన్నారా, మీకు విడిగా వండాల్సి వచ్చిందా, రాత్రి పదింటికి ఆకలేసి ఏం తిన్నారు, అన్నీ రాయండి. ఓట్స్, బ్రకోలీ, ఆలివ్ ఆయిల్ రాసిన చార్ట్ అయితే వాటి బదులు జొన్నరొట్టె, తోటకూర, ఇంట్లో ఉన్న నూనెతో చెయ్యండి, తేడా ఏం రాదు.

ఈ వారంలో లాభం, నష్టం కాయితం మీద తేలిపోతాయి. లాభాల వైపు నిజమైనవి కొన్ని ఉన్నాయి: వారం వారం కాటా ఎక్కించి అడిగే మనిషి ఉండటం, ఏం తినాలా అని ఆలోచించే బాధ తప్పడం, తోటివాళ్ళతో వాకింగ్. ఇంటి ఆడవాళ్ళకి ఇంకోటి ఉంది, బయటికి ఎవరూ అనరు గానీ, డబ్బు కట్టానంటే ఇంట్లోవాళ్ళు మిగిలిన అన్నం గిన్నె నాకు తోసెయ్యడం ఆగుతుంది, సాయంత్రం గంట నా టైము అని చెప్పుకోవచ్చు. దానికి కొంత విలువ కట్టొచ్చు, 61,500 అంత కడతారా అనేది మీ ఇష్టం.

విడిగా వండాల్సి వచ్చిందంటే మాత్రం అది నాలుగో నెల నిలబడదు, ఎంత మంచి చార్ట్ అయినా సరే.

స్టెప్ 8: అదే డబ్బుతో వేరే దారి ఏముందో పక్కన పెట్టి చూడండి

నెలకోసారి క్వాలిఫైడ్ డైటీషియన్‌కి చూపించుకోవడం, రోజూ 45 నిమిషాల నడక, ఎన్ఐఎన్ వాళ్ళ ఉచిత యాప్ "న్యూట్రిఫై ఇండియా నౌ"లో తిన్నది రాసుకోవడం. దీనికి తోడు నూనె లెక్క ఒకటి చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకి 4 లీటర్ల నూనె అయిపోతుందంటే మనిషికి రోజుకి 30 గ్రాములు, 270 క్యాలరీల పైనే. అది మూడు లీటర్లకి దించితే ఏ కూరా మానకుండా మనిషికి 65 క్యాలరీల పైన తగ్గుతాయి. అన్నం ఒక్కసారి కాటా మీద పెట్టి చూడండి, వండిన అన్నం 100 గ్రాములకి 130 క్యాలరీలు, మనం "కొంచెమే" అనుకునేది మూడొందల గ్రాములు ఉంటుంది.

నాలుగు వారాలు ఇలా చేసి రెండు కిలోలు తగ్గారంటే మీకు ప్యాకేజీ అవసరం లేదు. రెండో వారానికే వదిలేశారంటే మీకు వెనకాల అడిగే మనిషి కావాలి, అప్పుడు ప్రోగ్రాంకి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. అప్పుడు కూడా మూడు నెలలది కాకుండా ఒక నెలది అడగండి.

చేరాక ఎలా చెక్ చేసుకోవాలి

వాళ్ళ కాటాని నమ్మకండి. చేరే రోజు సాయంత్రం, భోంచేసి, చీరతో లేదా జీన్స్‌తో ఎక్కిస్తారు, తర్వాత పొద్దున్నే పరగడుపున రమ్మంటారు. ఒక కిలో పైనే అక్కడ దొరుకుతుంది. ఇంటి మెషీన్ మీద పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు చూసుకుని, వారం సగటు రాసుకోండి. మీ మెషీన్ సరిగ్గా ఉందో లేదో అనుమానమైతే సీలు తియ్యని పది కిలోల బియ్యం బ్యాగ్ ఎత్తుకుని ఎక్కి, అది లేకుండా ఇంకోసారి ఎక్కండి, తేడా పది రావాలి. ఆవకాయ, బిర్యానీ తిన్న మర్నాడు కిలో పెరిగితే అది ఉప్పుకి నిలిచిన నీరు, రెండు రోజుల్లో పోతుంది. ఆడవాళ్ళకి నెలసరి ముందు కూడా అంతే.

నాలుగో వారం: నడుం కొలత తగ్గిందా? కాటా దిగి నడుం అలాగే ఉందంటే పోయింది నీరో కండో అయ్యుండొచ్చు, చార్ట్‌లో పప్పు, గుడ్డు, పెరుగు పెంచమని అడగండి. జాకెట్టు హుక్కు, బెల్టు రంధ్రం కూడా కొలతలే, మెషీన్ కంటే నిజం చెప్తాయి. మెట్లెక్కితే ఆయాసం ఎక్కువైనా, నీరసంగా ఉన్నా "డీటాక్స్ అవుతోంది" అనే మాట వినకండి.

పన్నెండో వారం: స్టెప్ 2లో దాచిన రిపోర్టులు తీసి అవే టెస్టులు మళ్ళీ చేయించండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు కాబట్టి అప్పుడే తేడా తెలుస్తుంది. బరువు నాలుగు కిలోలే తగ్గి షుగర్, బీపీ దారిలో పడితే ప్రోగ్రాం పని చేసినట్టే, "రెన్యూవల్ చేస్తే ఇంకో ఆరు" అన్నా సరే ఆగొచ్చు.

ఎక్కువగా చేసే తప్పులు

పెళ్ళికి నెల ముందు చేరడం. పక్కింటావిడ చార్ట్ ఫొటో తీసుకుని తినడం, ఆవిడకి షుగర్ లేదు, మీకుంది. వేడి బెల్టు, ర్యాప్ కట్టించుకుని వచ్చిన రోజే కొలుచుకోవడం, అది చెమట, రెండు గ్లాసుల నీళ్ళు తాగితే తిరిగొస్తుంది. డబ్బు మొత్తం ఒకేసారి కట్టేసి "కట్టాక ఎలాగూ వెళ్తాం" అనుకోవడం, ఇది జిమ్ముల దగ్గర కూడా చూశాం, వెళ్ళం.

మాట తప్పి డబ్బు తిరిగివ్వకపోతే ముందు రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి, తర్వాత 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వెయ్యొచ్చు, మీరు కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, గొడవ జరిగిన రెండేళ్ళలోపు వెయ్యాలి. రసీదు, రేట్ల కార్డు, వాట్సాప్ మెసేజీలు, మొదటిరోజు ఇచ్చిన ఆ మెషీన్ చీటీతో సహా అన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచండి. మెషీన్ చీటీల ఇంకు ఆర్నెల్లకే వెలిసిపోతుంది, ఫొటో తీసుకోండి.